రిపోర్టులో ఎనిమిది లైన్లు, కాలిని పట్టింది ఒక్కటే

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. జనగామలో టైలరింగ్ చేస్తాను. ఇరవై ఏళ్లుగా తొక్కుడు మిషనే. నడుము నొప్పి ఐదారేళ్ల నుంచి వస్తూ పోతూ ఉంది. ఐదు వారాల కింద నిండు గ్యాస్ సిలిండర్ జరుపుతుంటే నడుము పట్టేసింది. రెండు రోజులకు నొప్పి ఎడమ పిరుదు నుంచి తొడ వెనకగా పిక్కలోకి దిగింది. పాదంలో చిటికెన వేలు వైపు తిమ్మిరి. ఎమ్మారై తీయిస్తే ‘డీజనరేటివ్ డిస్క్ డిసీజ్’ అని, ఇంకా ఎనిమిది లైన్లు రాశారు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. ఇంకొకరు మూడు నెలలు మంచం దిగొద్దు, బెల్టు తీయొద్దు అన్నారు. గుజ్జు అయిపోయింది, మేక కాళ్ల సూప్ తాగమంటోంది పక్కింటావిడ. మందుల షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ బిళ్ల రోజుకు రెండు వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతాను. అరిగిన పూసలు మళ్లీ బాగుపడవా? మిషన్ మానేయాలా? చాప మీదే పడుకోవాలంటున్నారు, నిజమేనా? (రిపోర్టు నకలు జతచేశాను.)

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్లల సంగతి. మీరు అడగకపోయినా అన్నిటికన్నా తొందరగా తేల్చాల్సింది అదే. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని కొంత తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోతలో ఒత్తిడిని తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. విడివిడిగా ఏదీ చెడ్డ మందు కాదు. మూడూ కలిస్తే మాత్రం, అందులోనూ ఎండాకాలం నీళ్లు సరిగా తాగనప్పుడు, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా నొప్పి బిళ్లలు బీపీని కూడా పెంచుతాయి. బీపీ మాత్ర ఆపకండి, నొప్పి బిళ్ల ఆపండి. ఈ వారమే సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకుని, ఆ కాగితంతో మీ బీపీ డాక్టరును కలవండి. గ్యాస్ బిళ్ల కలిపి వేసుకుంటున్నాం కదా, ఏమీ కాదులే అని చాలామంది అనుకుంటారు. పాంటోప్రజోల్ కడుపుకు కాపలా కాస్తుంది, కిడ్నీకి కాదు.

ఇక రిపోర్టు. మీరు పంపిన నకలులో ఉన్నవి ఇవి (ఎల్ అంటే నడుము పూస, ఎస్ అంటే దాని కింది త్రికాస్థి, అంకె వరస సంఖ్య): ఎల్3-ఎల్4, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 డిస్కులు ఎండాయి, ఎల్5-ఎస్1 దగ్గర ఎత్తు తగ్గింది, ఎల్4-ఎల్5 చుట్టూరా కొద్దిగా ఉబ్బింది, పూసల అంచున ముళ్లు, అంటే ఆస్టియోఫైట్లు, పూసల వెనక ఉండే చిన్న ఫాసెట్ కీళ్లలో అరుగుదల, నడుము వంపు తగ్గింది, డిస్కు పొరలో చిన్న చీలిక, చివరగా ఎల్5-ఎస్1లో ఎడమ వైపు వెనక్కి పొడుచుకొచ్చిన డిస్కు ఎడమ ఎస్1 నరాన్ని తాకుతోంది. ఎనిమిదిలో మొదటి ఏడూ మీ వయసుకు తగ్గవే. మీ కాలిని పట్టింది ఎనిమిదోది ఒక్కటే.

ఏడింటినీ అంత తేలిగ్గా ఎలా పక్కన పెడతామంటే, నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2015లో వచ్చింది. ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్న నలభై ఏళ్ల వాళ్లలో 68 శాతం మందికి డిస్కు అరుగుదల, 50 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లకు అవి 80, 60 శాతం. ఇరవై ఏళ్ల పిల్లల్లోనే 37 శాతం మందికి అరుగుదల ఉంది. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడానికి కళ్లజోడు వెతుక్కుంటారు కదా, దాన్ని చత్వారం అంటాం గానీ రోగం అనం. డిస్కు అరుగుదలకు మాత్రం ఎవరో ‘డిసీజ్’ అని పేరు పెట్టేశారు. ఆ ఒక్క మాట చూసి వంగడానికి, కూర్చోవడానికి, చివరికి నడవడానికి కూడా భయపడేవాళ్లు ఎందరో. ఇది మీ మిషన్ చేసిన పాపం అని కూడా అనుకోకండి. ఫిన్లాండ్‌లో కవలల వెన్నుల మీద చాలా ఏళ్లు జరిగిన అధ్యయనాల్లో, డిస్కు అరుగుదలలో వంశపారంపర్యానిదే పెద్ద వాటా అని, చేసే పని వాటా అనుకున్నదానికన్నా బాగా తక్కువని తేలింది.

‘పూసలు అరిగిపోయాయి’ అనే మాట వాడుకలో ఉంది గానీ, అరిగేది ఎముక కాదు. రెండు పూసల మధ్య ఉండే డిస్కులో లోపల జిగురులాంటి గుజ్జు, దాని చుట్టూ ఉల్లిపొరల్లా గట్టి నారపొరలు ఉంటాయి. చిన్నతనంలో గుజ్జులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. వయసుతో నీరు తగ్గుతుంది, ఎమ్మారైలో తెల్లగా కనిపించాల్సింది నల్లబడుతుంది. రిపోర్టులో డెసికేషన్ అంటే అంతే. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి పోషకాలు నెమ్మదిగా ఊరుతూ రావాలి. పడుకుంటే డిస్కు నీరు పీల్చుకుంటుంది, నిలబడి నడిస్తే కొంత పిండేస్తుంది. ఈ పీల్చడం, పిండడం వల్లే మనిషి పొద్దున లేచేసరికి ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉండి, రాత్రికి మళ్లీ తగ్గుతాడు. కదలకుండా నెలల తరబడి పడుకుంటే ఈ చక్రం ఆగుతుంది, డిస్కును పట్టి ఉంచే కండ కూడా కరుగుతుంది. మూడు నెలల మంచం సలహాను మేం ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. నొప్పి భరించలేని రోజు పడుకోండి, రెండో రోజూ పడుకోండి. మూడో రోజు లేవాలి.

ఎండిన గుజ్జును మళ్లీ నింపే మందు ఏదీ లేదు. మేక కాళ్ల సూప్ రుచికి తాగండి, అభ్యంతరం లేదు. అందులోని కొలాజెన్ కడుపులోనే అరిగిపోతుంది తప్ప చిరునామా వెతుక్కుంటూ ఎల్5 దగ్గరికి వెళ్లదు. గ్లూకోసమైన్ డబ్బాలు అంతకన్నా ఖరీదు. నార్వేలో 250 మంది నడుము అరుగుదల రోగులకు ఆరు నెలలు రోజుకు 1,500 మిల్లీగ్రాములు ఇచ్చి చూసి 2010లో ఫలితం ప్రచురించారు. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా రాలేదు. ‘నరాల బలం’ మిథైల్‌కోబాలమిన్ కూడా బి12 తక్కువ ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

గుజ్జు తిరిగి రాకపోయినా నొప్పి తగ్గుతుంది, రెండూ వేరు. మీ ఎనిమిదో లైను సంగతి చూద్దాం. పొర చీలికలోంచి గుజ్జు వెనక్కి తోసుకొచ్చి ఎస్1 నరం వేరును తాకింది. గుజ్జు నొక్కుడు ఒక్కటే కాదు, అందులోని రసాయనాలు నరాన్ని వాచేలా చేస్తాయి. కాలు మంటెత్తేది ఎక్కువగా ఆ వాపుతోనే. ఎస్1 నరం దారి పిరుదు, తొడ వెనక, పిక్క, అరికాలి బయటి అంచు, చిటికెన వేలు. మీరు ఉత్తరంలో రాసిన దారి సరిగ్గా అదే. అదే బొటనవేలి పైన తిమ్మిరి, పిక్కకు బయటి వైపు నొప్పి ఉంటే ఎల్5 నరం, అప్పుడు ఎల్4-ఎల్5 ఉబ్బును అనుమానించేవాళ్లం. స్కానింగు ఎడమ అని, నొప్పి కుడి కాల్లో ఉంటే ఆ స్కానింగు చూసి చేసే ఏ వైద్యమూ గురి తప్పినట్టే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫిల్ము కన్నా ముందు వేలుతో నొప్పి దారి గీసి చూపించండి.

బయటికొచ్చిన ఆ గుజ్జును శరీరం పరాయి వస్తువుగా చూస్తుంది. రక్తంలోని కణాలు వచ్చి దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. జారిన డిస్కుల్లో సగానికి పైగా నెలల వ్యవధిలో వాటంతటవే కుంచించుకుపోతాయి. వింతేమిటంటే, పెద్దగా జారి ముక్క విడిపోయినవే ఎక్కువగా కరుగుతాయి. చిన్న ఉబ్బులు ఎక్కువగా అలాగే ఉండిపోతాయి, చాలాసార్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా. కాలి నొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో బాగా తగ్గుతుంది. మీకు ఐదు వారాలే అయింది.

ఆగవచ్చా లేదా అన్నది నొప్పి ఎంత ఉందనే దానితో కాక, కాలి బలంతో తేలుతుంది. ఇంట్లోనే చూసుకోండి. గోడకు ఒక వేలు ఆనించి, ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ పైకెత్తండి. పది సార్లు పూర్తిగా లేపగలగాలి. కుడికాలితో పది వచ్చి ఎడమకాలితో మూడు నాలుగుకే ఆగిపోతే ఎస్1 బలహీనపడినట్టు. తర్వాత మడమల మీద పది అడుగులు వేయండి. ముందుపాదం నేలకు జారుతుంటే ఎల్5 సంగతి చూడాలి. వారానికి రెండుసార్లు ఈ పరీక్ష చేసి అంకె రాసుకోండి. నొప్పి వల్ల ఆగడం వేరు, బలం చాలక ఆగడం వేరు. అంకె తగ్గుతూ పోతుంటే ఆరు వారాలు, పన్నెండు వారాలు అని లెక్క పెట్టకుండా రెండు మూడు రోజుల్లోనే వెన్ను సర్జన్‌ను కలవాలి.

ఒక్క గంట కూడా ఆగకూడని సందర్భం ఒకటుంది. మూత్రం వచ్చినట్టుండి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మల ద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, అంటే సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారడం. రెండు కాళ్లూ ఒకేసారి నీరసపడటం. అది కాడా ఈక్వైనా. డిస్కు కింది నరాల గుత్తినంతా ఒకేసారి నొక్కుతున్నట్టు. అర్ధరాత్రయినా వెన్ను ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. సిగ్గుపడి తెల్లారేదాకా ఓర్చుకునే ఆడవాళ్లు ఉంటారు. అందుకే ఇంట్లో మీవారికి, పిల్లలకు కూడా ఈ పేరా చదివి వినిపించండి.

మీకు లేవు గానీ, ఇది చదివే వేరేవాళ్లకు ఉండొచ్చనిపించే రెండు సంగతులు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే మన దేశంలో ముందు వెన్ను క్షయను అనుమానించాలి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా నడుము నొప్పి వచ్చినా ఆలస్యం చేయకూడదు. రెండోది, నలభై లోపు కుర్రాళ్లకు పొద్దున అరగంటకు మించి నడుము కొయ్యబారి, తిరుగుతుంటే తగ్గి, కూర్చుంటే పెరుగుతుంటే అది అరుగుదల కాదు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ల వాపు జబ్బు కావచ్చు, దానికి చూసే డాక్టరు (రుమటాలజిస్టు) వేరు, మందులు వేరు.

ఆపరేషన్ గురించి. మైక్రోడిసెక్టమీలో డిస్కు మొత్తం మార్చరు, నరాన్ని తాకే ముక్క వరకే తీస్తారు. అది కాలి నొప్పికి చేసే ఆపరేషన్. ఐదారేళ్లుగా ఉన్న నడుము నొప్పి దానితో పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా (మీలాగే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేశారు, ఇంకో జట్టును ఆగమన్నారు. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒకే స్థితిలో ఉన్నాయి. ఆగమన్న జట్టులో 39 శాతం మంది మధ్యలో ఓర్చుకోలేక ఆపరేషన్ చేయించుకున్న మాటా నిజమే. 2007లో వచ్చిన ఈ ఫలితం రెండు వైపులా నిజం చెబుతుంది. ఆగితే నష్టం లేదు, ఓపిక లేనప్పుడు చేయించుకుంటే తప్పూ లేదు. కాలి బలం నిలకడగా ఉన్నంతవరకు నిర్ణయం మీది. పన్నెండు వారాలకూ నిద్ర పట్టనివ్వని కాలి నొప్పి ఉంటే చేయించుకోండి. ‘డిస్కులు ఎండాయి కాబట్టి మూడు లెవెల్స్ రాడ్లు వేద్దాం’ అంటే మాత్రం లేచి వచ్చేయండి, ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. పూస మీద పూస జారి కదులుతుంటే రాడ్ల మాట వేరు, మీ రిపోర్టులో అది లేదు.

మధ్యలో వెన్నులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అనే దారి ఉంది. కొన్ని వారాల ఊరటనిస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది. నరాల నొప్పికని ప్రెగాబాలిన్ చాలామందికి రాసేస్తున్నారు. 209 మంది సయాటికా రోగుల మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో (2017) అది నొప్పి తగ్గించలేదు, తల తిరుగుడు మాత్రం పెంచింది. మిషన్ ముందు కూర్చునే మీకు ఆ మత్తు అసలే పనికిరాదు. ఇప్పటికే ఎవరైనా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి.

బెల్టు సంగతి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులు, ట్రాక్షన్ (బరువు కట్టి నడుమును లాగడం), అల్ట్రాసౌండ్ చికిత్స మామూలుగా వాడొద్దనే చెప్పింది. బస్సులో వరంగల్ దాకా వెళ్లాల్సిన రోజు పెట్టుకుంటే పెట్టుకోండి. ఇంట్లో తీసేయండి.

ఇప్పుడు చేయాల్సిన పని. రోజుకు నాలుగైదుసార్లు బోర్లా పడుకోండి, రెండు నిమిషాలు ఊరికే. తర్వాత మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు. అది హాయిగా ఉంటే భుజంగాసనంలాగా అరచేతులతో ఛాతీని పైకి లేపి, నడుమును వదులుగా వేలాడనిచ్చి, మళ్లీ దించాలి, పది సార్లు. ఇక్కడ ఒక కొండగుర్తు ఉంది. నొప్పి పిక్కలోంచి తొడకు, తొడలోంచి పిరుదుకు పైకి జరుగుతుంటే, నడుములో కాస్త పెరిగినా సరే, బాగవుతున్నట్టు. పాదం వైపు కిందికి దిగుతుంటే ఈ వ్యాయామం మీకు పడలేదు, ఆ రోజే ఆపి ఫిజియోథెరపిస్టును అడగండి. అరవై దాటి, నడిస్తే కాళ్లు లాగి, ముందుకు వంగితే హాయిగా ఉండే పెద్దవాళ్లు దీన్ని చేయకూడదు. వాళ్లది వెన్నుదారి ఇరుకు, వెనక్కి వంగితే అది ఇంకా ఇరుకవుతుంది.

నడక రోజుకు ఐదు నిమిషాలు నాలుగు సార్లతో మొదలుపెట్టండి. రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచి, వారానికి ఐదు రోజులు, అరగంటకు చేర్చండి. నడుము నొప్పి అప్పుడే తగ్గిన 701 మందిలో సగం మందిని ఆస్ట్రేలియాలో ఇలా నడిపించి చూస్తే (2024), నడిచినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులే. కాలి నొప్పి సగానికి సగం తగ్గాక కండ వ్యాయామాలు: చేతులు, మోకాళ్ల మీద ఆవులా నిలబడి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి పది సెకన్లు, తర్వాత రెండో జత, పక్కకు తిరిగి మోచేయి, మోకాలు ఆనించి నడుము పైకెత్తి పది సెకన్లు. ఆరేసి సార్లు చాలు. కాలివేళ్లు పట్టుకునే వంగుళ్లు, పశ్చిమోత్తానాసనం, హలాసనం రెండు నెలలు వద్దు. పొద్దున లేచిన మొదటి గంట డిస్కు నీటితో ఉబ్బి బిగుతుగా ఉంటుంది. ఆ గంటలో వంగి ముగ్గు వేయడం, బకెట్టు ఎత్తడం ఇంకొకరికి అప్పగించండి. ఈ ఒక్క జాగ్రత్తతోనే కొందరికి నొప్పి ఉండే రోజులు తగ్గుతాయి.

మిషన్ మానక్కర్లేదు, పద్ధతి మార్చాలి. ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుంటే నడుము గుండ్రంగా వంగిపోతుంది. మోకాళ్లకన్నా తుంటి రెండు మూడు వేళ్లు ఎత్తులో ఉండేలా స్టూలు మీద మడిచిన దుప్పటి వేయండి. గుడ్డ మీద బాగా పడేలా వెలుతురు పెట్టుకోండి. వెలుతురు చాలక మెడ, నడుము వంచేవాళ్లే ఎక్కువ. పాతిక నిమిషాలకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టుకుని ఐదు సార్లు వెనక్కి వంగండి. ఒక జాకెట్టుకు చేతులు కుట్టడం అయ్యాక లేవాలి అని లెక్క పెట్టుకుంటే గడియారం చూడక్కర్లేదు. ఎడమ పాదం తిమ్మిరి ఉన్నన్నాళ్లు తొక్కుడు తగ్గించి, మిషన్‌కు మోటారు బిగించుకుంటే మంచిది. అసలు నష్టం కుట్టడంలో కన్నా కటింగులో ఉంది. నేల మీద గుడ్డ పరిచి గంటల తరబడి వంగి కత్తిరించడం ఆపేయండి. నిలబడి కత్తిరించే బల్ల కావాలి, దాని ఎత్తు మీ మోచేతికి నాలుగు వేళ్లు కింద ఉండాలి. స్కూలు యూనిఫాంల కాలంలో రోజుకు ఎన్ని కుడతామని ఒప్పుకునే ముందు ఈ బల్ల సంగతి తేల్చుకోండి.

సిలిండర్ గురించి ఒక లెక్క. నిండుది దాదాపు 30 కిలోలు. జర్మనీలో ఒక వ్యక్తి డిస్కులోకే ఒత్తిడి కొలిచే పరికరం పెట్టి 1999లో ప్రచురించిన కొలతల్లో, నిలబడితే 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, 20 కిలోలను నడుము వంచి ఎత్తినప్పుడు 2.3కు పోయింది. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. అదే బరువు ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1, చేతులు చాచి పట్టుకుంటే 1.8. అంటే మోకాళ్లు వంచడంతో పాటు బరువును ఒంటికి దగ్గరగా ఉంచడం కూడా అంతే ముఖ్యం. సిలిండర్‌ను మాత్రం ఎలాగూ ఎత్తొద్దు. తెచ్చినతన్నే స్టవ్ దగ్గర పెట్టమనండి. తప్పనిసరైతే కాస్త ఒరిగించి అడుగు అంచు మీద దొర్లించండి. నీళ్లు కూడా నిండు బిందె ఒక పక్క నడుం మీద పెట్టి మోయకుండా, సగం సగం బకెట్లు రెండు చేతుల్లో మోయండి.

చివరగా చాప. మెత్తటి పరుపు మీద నడుము కుంగుతుందని చెక్క మంచం, చాప అని మనవాళ్లు చెప్పడం మామూలే. స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాల నడుము నొప్పి రోగులకు గట్టి పరుపు, మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చి చూశారు (2003). మధ్యస్థంగా ఉన్నదాని మీదే నొప్పి తక్కువ. మీ ఇంట్లో ఉన్న దూది పరుపు మరీ గుంటలు పడకపోతే అదే చాలు. ఎడమ కాలు లాగుతున్నప్పుడు కుడి పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద పెట్టుకోండి. పైగా చాప మీది నుంచి లేవాలంటే రోజూ పొద్దున్నే, ఆ మొదటి గంటలోనే, నేల నుంచి నడుము వంచి లేవాల్సి వస్తుంది.